జేబులో తేలిక, చేతిలో బరువు: చిన్న రివాల్వర్‌పై అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఆత్మరక్షణకు రివాల్వర్ కొనాలనుకునే తెలుగువాళ్లు రానురాను పెరుగుతున్నారు. ఇది వాళ్లకోసమే. ఇక్కడ చెప్పేవన్నీ అక్కడి తుపాకులు, అక్కడి చట్టాలు.

అపోహ: డబ్బుండి, 21 ఏళ్లు నిండితే ఎవరైనా కొనుక్కోవచ్చు.

ముందు దీన్ని తేల్చుకోండి, మిగతాది తర్వాత. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. శిక్ష 15 ఏళ్ల జైలు దాకా వెళ్లొచ్చు. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. రేంజిలో (తుపాకీ పేల్చడం సాధన చేసే చోటు) గంటసేపు అద్దెకు తీసుకున్నా అది 'దగ్గర పెట్టుకోవడమే', అందుకే కొన్ని రేంజిల్లో వేట లైసెన్సు అడుగుతారు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. భార్యకు గ్రీన్ కార్డు, భర్తకు హెచ్1బీ ఉన్న ఇంట్లో భార్య పేరున కొని, సేఫ్ తాళంచెవి ఇద్దరూ పెట్టుకుంటే చిక్కే. అలాంటి ఇంట్లో కొనేముందు లాయర్‌ను కలవాలి. షాపువాడు అలా ఏం కాదులే అన్న మాట కోర్టులో పనికిరాదు.

అపోహ: కొత్తవాళ్లకు, ఆడవాళ్లకు అన్నిటికన్నా చిన్నది, తేలికైనదే మంచిది.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. షాపు కౌంటర్ మీద చేతిలోకి తీసుకుంటే ఈక బరువులా ఉంటుంది, మనసు దాని మీదే పోతుంది. అసలు లెక్క వేరు. ఒకే తూటా ఏ తుపాకీలో పేల్చినా దాదాపు ఒకే ఊపునిస్తుంది, ఆ ఊపును మింగేది తుపాకీ బరువే. బరువు సగమైతే వెనక్కి తన్నే శక్తి రెట్టింపవుతుంది.

స్మిత్ అండ్ వెస్సన్ 642 ఐదు తూటాల అల్యూమినియం ఫ్రేమ్ రివాల్వర్. బరువు సుమారు 410 గ్రాములు. అదే కొలతల స్టీలు 640 సుమారు 630 గ్రాములు. ఈ సైజు రివాల్వర్లలో మామూలుగా వాడే .38 స్పెషల్ తూటా రెండిట్లోనూ పేలిస్తే, 640తో పోలిస్తే 642 దాదాపు ఒకటిన్నర రెట్లు తంతుంది. ఇక స్కాండియం అనే లోహం కలిసిన 340 పీడీ బరువు 340 గ్రాముల లోపే. అందులో .38 కన్నా శక్తివంతమైన .357 మాగ్నమ్ తూటా పేలిస్తే, తన్ను 642లో మామూలు .38 కన్నా మూడింతలకు పైనే. రెండు పేల్చి పెట్టె పక్కన పెట్టేస్తారు, మళ్లీ ముట్టుకోరు.

రోజంతా జేబులో ఉండాలంటే 410 గ్రాములు సరే, కష్టపడి నేర్చుకోవాలి. మంచం పక్కన సేఫ్‌లో ఉండేదానికి తేలిక ఎందుకు? అక్కడికి 600 గ్రాములు దాటిన స్టీలు, వీలైతే 3 అంగుళాల గొట్టం తీసుకోవడమే తెలివి.

అపోహ: .357 పేల్చగలిగేది కొన్నాం కాబట్టి .357 తూటాలే వాడాలి.

.357 రివాల్వర్‌లో .38 స్పెషల్ నిక్షేపంగా వాడొచ్చు, .38 రివాల్వర్‌లో .357 మాత్రం వాడకూడదు. రెండంగుళాల గొట్టంలో మాగ్నమ్ మందు పూర్తిగా కాలేలోపే గుండు బయటపడుతుంది. వేగం తగ్గుతుంది, మంట, చప్పుడు మాత్రం మిగులుతాయి. చీకటి గదిలో ఆ మెరుపుకు కళ్లు బైర్లు కమ్ముతాయి.

తూటా విషయంలో మా మాట సూటిగా ఇదీ: పొట్టి గొట్టంలో చాలా హాలో పాయింట్ (మూతిలో గుంట ఉండి, తగిలాక విచ్చుకునే) గుండ్లు సరిగా విచ్చుకోవు, బట్టల పీచు నోట్లో ఇరుక్కుంటే అసలే విచ్చుకోవు. అప్పుడు తన్ను భరించినదంతా వృథా. 148 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) వాడ్‌కటర్ రకం గుండు ముఖం బల్లపరుపుగా ఉంటుంది, విచ్చుకునే పనే లేదు, తన్ను తక్కువ, లోతు కూడా సరిపోతుంది. (శరీరానికి బదులు జెల్ దిమ్మలోకి పేల్చే ఎఫ్‌బీఐ పరీక్షల్లో చూసే లోతు 12 నుంచి 18 అంగుళాలు.) ఒక్కటే ఇబ్బంది, దాని మూతి షెల్ (గుండును, మందును పట్టి ఉంచే తొడుగు) అంచుతో సమానంగా ఉండటంతో కంగారులో సిలిండర్ (తూటాలు నింపే, తిరిగే భాగం) రంధ్రంలోకి దూరదు. అందుకని సిలిండర్‌లో వాడ్‌కటర్, మళ్లీ నింపుకోవడానికి స్పీడ్ స్ట్రిప్‌లో (తూటాలు వరసగా గుచ్చి ఉంచే పట్టీ) గుండ్రటి మూతివి పెట్టుకోండి.

అపోహ: తన్ను తగ్గాలంటే .22 ఒక్కటే దారి.

.22లో తన్ను లేనట్టే, నిజమే. కానీ రిమ్ (అడుగు అంచు) మీద గట్టిగా కొడితేనే పేలే తూటా కావడంతో వాటి ట్రిగ్గర్ ఇంకా బిగువుగా ఉంటుంది, తుస్సుమనే తూటాలూ ఎక్కువే. మధ్యలో .32 ఉంది. రూగర్ ఎల్‌సీఆర్ .327 మోడల్ ఆరు తూటాలు పడుతుంది. అందులో .327 ఫెడరల్ మాగ్నమ్, .32 హెచ్ అండ్ ఆర్ మాగ్నమ్, .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ మూడూ వాడొచ్చు. ఈ మూడోది మనకు కొత్త కాదు, 2014లో కాన్పూర్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ తెచ్చిన నిర్భీక్ వాడేది ఇదే. వేళ్లలో పట్టు తగ్గినవాళ్లకు, కీళ్లనొప్పులున్నవాళ్లకు .32 హెచ్ అండ్ ఆర్ మేం ముందు చూపించే తూటా. .38లా ప్రతి షాపులో దొరకదు, పెట్టె ధరా ఎక్కువే. ఆ ఖర్చు కొనేముందే లెక్కలో వేసుకోవాలి.

అపోహ: గురి తప్పేది తన్ను వల్లే.

సగం తప్పు ట్రిగ్గర్‌ది. 642 ట్రిగ్గర్ నొక్కడానికి దాదాపు 5 కిలోల బలం కావాలి. నాలుగు వందల గ్రాముల వస్తువును కదలకుండా పట్టుకుని దాని మీద ఐదు కిలోలు లాగడమన్నమాట. వేలి కొస పెడితే లాగలేరు, మొదటి కణుపు మడత ట్రిగ్గర్ మీదకు రావాలి. అందుకు పిడి మందం సరిపోవాలి. వెనక లోహాన్ని కప్పేసే మందపాటి రబ్బరు పిడి బొటనవేలి చీలిక దగ్గర దెబ్బను తగ్గిస్తుంది గానీ, చిన్న చేతులకు ట్రిగ్గర్ అందకుండా చేస్తుంది. సన్నటి చెక్క పిడికి చిటికెనవేలు గాల్లో తేలుతుంది. ఆ వేలికీ చోటుండే పొడవైన పిడి వేస్తే పట్టులో తేడా వెంటనే తెలుస్తుంది, కాకపోతే జేబు గుడ్డకు పట్టుకుంటుంది. రెండో చేతి వేళ్లు సిలిండర్ ముందు అంచు దాటి పోకూడదు. అక్కడి సందులోంచి వేడి గ్యాసు కత్తిలా వస్తుంది.

ట్రిగ్గర్ తేలికవుతుందని మెత్తటి స్ప్రింగులు వేయించుకునేవాళ్లున్నారు. అప్పుడు సుత్తి (తూటాను కొట్టి పేల్చే భాగం) దెబ్బ తగ్గి తూటా పేలకపోవచ్చు. రక్షణకు ఉంచుకునేదానికి ఆ పని వద్దు.

అపోహ: రివాల్వర్ ఎప్పుడూ మొరాయించదు.

తక్కువగా మొరాయిస్తుంది, కానీ మొరాయిస్తే చాలాసార్లు అక్కడికక్కడ బాగుపడదు. మూడు కారణాలు తరచూ చూస్తాం.

తేలిక తుపాకీ గట్టిగా తన్నినప్పుడు సిలిండర్‌లో మిగిలిన తూటాల గుండ్లు షెల్‌లోంచి ముందుకు జరుగుతాయి. కొంచెం బయటికొస్తే చాలు, సిలిండర్ తిరగదు. 340 పీడీ మీద 120 గ్రెయిన్లకు తక్కువ గుండు .357లో వాడొద్దని చెక్కి ఉండటం ఊరికే కాదు. మీ తూటాను పరీక్షించడం తేలిక: ఐదు నింపండి, నాలుగు పేల్చండి, ఐదోదాన్ని తీసి పెట్టెలోని కొత్తదాని పక్కన నిలబెట్టండి. పొడవు పెరిగితే ఆ తూటా మార్చాలి.

రెండోది, ఖాళీ షెల్స్ తీసేటప్పుడు గొట్టం నేలవైపు ఉంటే కాలని మందు రవ్వలు ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం (షెల్స్‌ను బయటికి నెట్టే నక్షత్రంలాంటి బిళ్ల) కింద చేరి సిలిండర్ మూసుకోదు. గొట్టం ఆకాశంవైపు ఎత్తి, ఆ బిళ్లను నెట్టే కడ్డీని అరచేత్తో ఒక్కసారి గట్టిగా కొట్టాలి. పొట్టి తుపాకీలో ఆ కడ్డీ కూడా పొట్టే, మెల్లగా నెడితే షెల్స్ సగంలో ఆగుతాయి. మూడోది ఆ కడ్డీ మరలు వదులు కావడం. తుడిచిన ప్రతిసారీ వేళ్లతో బిగువు చూడండి, స్మిత్ అండ్ వెస్సన్ కొత్తవాటిలో మరలు ఎడమవాటం.

అపోహ: సుత్తి కింద వచ్చే సిలిండర్ రంధ్రం తూటా లేకుండా ఖాళీగా ఉంచాలి.

పాత కౌబాయ్ తుపాకుల మాట అది. ఈనాటివాటిలో ట్రిగ్గర్ లాగితే తప్ప సుత్తి దెబ్బ తూటాకు తగలదు. ఐదూ నింపుకోవచ్చు.

అపోహ: హ్యాండ్‌బ్యాగులో పడేస్తే చాలు, సేఫ్టీ అదే ఉంది.

లేదు. ఈ రివాల్వర్లకు మీటలాంటి సేఫ్టీ ఉండదు, ట్రిగ్గర్ బిగువే రక్షణ. పెన్ను, తాళంచెవి ట్రిగ్గర్ దగ్గర ఇరుక్కుంటే పేలొచ్చు. ట్రిగ్గర్ గార్డును పూర్తిగా కప్పే హోల్‌స్టర్ ఉండాలి, ఆ జేబులో ఇంకేమీ ఉండకూడదు. ఇంట్లో పిల్లలుంటే అరలో, దిండు కింద కాదు, తాళం ఉన్న సేఫ్‌లోనే. టెక్సస్‌లో నింపిన తుపాకీని జాగ్రత్త చేయకుండా వదిలేసి, అది 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి చిక్కితే నేరం.

ఇక కొనేరోజు. చట్టం అడ్డు లేనివాళ్లు రేంజిలో అల్యూమినియంది ఒకటి, స్టీలుది ఒకటి అద్దెకు తీసుకోండి. ముందు ఖాళీ తుపాకీతో పట్టు మార్చకుండా పదిసార్లు ట్రిగ్గర్ లాగండి, లాగలేకపోతే ఆ మోడల్ మీది కాదు. తర్వాత 15 అడుగుల్లో అరచేతి అంత కాగితం పెట్టి, ఒక్కోదానితో 25 తూటాలు ఐదేసి చొప్పున పేల్చండి. మొదటి ఐదు కాదు, చివరి ఐదు చూడండి. అవి కాగితం దాటి చెల్లాచెదురైతే, పేలకముందే కళ్లు మూసుకుంటుంటే, ఇంకో 200 గ్రాముల బరువున్నది అడగండి.