ఈత రాని మనిషి సముద్రంలోకి ఎందుకు దిగింది?

చిరంజీవులు చిన్నికి, బాబీకి తాతయ్య ఆశీస్సులు.

‘రోమా’ సినిమాలో, అలల్లో కొట్టుకుపోతున్న పిల్లల కోసం వాళ్ళింట్లో పనిచేసే క్లియో సముద్రంలోకి దిగే సీను అమ్మ మీకు చూపించిందట. “వాళ్ళు ఆమె పిల్లలు కాదు కదా తాతయ్యా, పైగా ఈత రాదు, మరెందుకు దిగింది?” అని చిన్ని ఫోన్లో అడిగితే అప్పటికప్పుడు జవాబు తోచలేదు. రెండు రోజులుగా అదే ఆలోచన.

క్లియో పనిచేసే ఆ ఇల్లు మెక్సికో నగరంలో రోమా అనే పేటలో ఉంది. కాలం 1970, 71. దర్శకుడు అల్ఫోన్సో కువరోన్ చిన్నతనం అదే. తనను పెంచిన లీబో అనే ఆవిడకు 2018లో ఈ సినిమాను అంకితమిచ్చాడు. సినిమాలో ఆమె క్లియో. ఇంటివాళ్ళతో స్పానిష్‌లో, తోటి పనమ్మాయితో మిస్టెక్ అనే తమ ఆదివాసీ భాషలో మాట్లాడుతుంది. ఇంటాయన డాక్టరు. పనిమీద కెనడా వెళ్తున్నానని చెప్పి వెళ్ళి, మళ్ళీ ఇంట్లో ఉండటానికి రాడు.

మన పెరట్లో బీరపాదు గుర్తుందా? ఒక రాట పుచ్చి విరిగితే పందిరి ఒరుగుతుంది. పాదు ఊరుకుంటుందా? నులితీగలు చాచి దడికర్రనో, బట్టలారేసే తాడునో చుట్టుకుంటుంది. నా కోసం పాతినదేనా అని అడగదు. ఆ ఇంట్లో నాన్న అనే రాట పోయింది, అమ్మ సోఫియా ఊగిపోతోంది. నలుగురు పిల్లలూ క్లియోను చుట్టుకున్నారు. పోలిక ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ తాడుకు దుఃఖం ఉండదు, క్లియోకు ఉంది. అదేమిటో మీరు పెద్దయ్యాక చూద్దురు. అంత దుఃఖంలో ఉండి కూడా అలల్లోకి నడిచింది.

నా ఎనిమిదో ఏట మా నాన్న ఊరు వదిలి వెళ్ళి, ఉత్తరాలు రాయడం మానేశాడు. అమ్మ గోడవైపు తిరిగి పడుకునేది. ఇంట్లో పనిచేసే ఆవిడే మాకు ముద్దలు కలిపి పెట్టేది. అత్తా అని పిలిచేవాళ్ళం. “నువ్వు మాకేమవుతావు?” అని అడిగితే, “ముందు తిను” అంది. ఆమె మాత్రం అందరూ తిన్నాక వెనక వసారాలో తినేది. ఎందుకని మాలో ఒక్కరం అడగలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

సినిమాలోనూ అంతే. డాక్టరు ఇంకా ఇంట్లో ఉన్న రోజుల్లో, అందరూ సోఫాలో కూర్చుని టీవీ చూస్తుంటే క్లియో పక్కన కింద కూర్చుంటుంది. పిల్లవాడు ఆమె భుజం చుట్టూ చెయ్యి వేస్తాడు. అంతలోనే డాక్టరుగారికి టీ తెమ్మంటారు. ఆ చెయ్యి నిజం, ఆ టీ కూడా నిజం. తీగ అడగలేదు సరే, మీకు నోరుంది. మిమ్మల్ని మోసేవాళ్ళను “తిన్నావా?” అని అడగండి.

సముద్రం నుంచి ఇంటికి వచ్చేసరికి పుస్తకాలు నేలమీద ఉంటాయి. వీళ్ళు లేనప్పుడు నాన్న అల్మరాలు పట్టుకెళ్ళాడు. అంతా కలిసి ఆ ఖాళీ ఇంట్లోకి నడుస్తారు.

ఎందుకు దిగిందో ఇంతకన్నా చెప్పడం నాకు చేతకావడం లేదమ్మా. మళ్ళీ పెట్టినప్పుడు మొదటి నిమిషాలు వదలకండి. నేల కడిగిన నీళ్ళలో ఆకాశం, అందులో ఒక విమానం కనిపిస్తాయి. చివర్లో క్లియో ఉతకాల్సిన బట్టలతో మేడమెట్లు ఎక్కుతుంది. అప్పుడు పైకి చూడండి.

మీ తాతయ్య