రొట్టె మీద తాబేలు చిప్ప

చిట్టితల్లికి, బాబుకి,

హ్యూస్టన్ నుంచి తాతయ్య ఆశీస్సులు. నేను పంపిన ఫొటో చూసి చిట్టితల్లి "తాతయ్యా, ఆ బన్ను మీద తాబేలు చిప్ప ఎందుకుంది?" అని అడిగింది కదా. ఫోన్లో ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు. అందుకే ఈ ఉత్తరం.

అత్తయ్య వాళ్ల వీధి చివర మెక్సికో వాళ్ల బేకరీ ఒకటుంది. పొద్దున్నే వాకింగ్‌కి వెళ్లి వస్తూ అక్కడ ఆగుతున్నాను. తలుపు తీయగానే దాల్చినచెక్క వాసన. గుమ్మం దగ్గర పళ్లేలు, పట్టకార్లు ఉంటాయి. అద్దాల బీరువాల్లోంచి మనకు కావలసినవి మనమే పట్టకారుతో తీసుకోవాలి. చెవి ఆకారంలో ఉన్నదాని పేరు 'ఒరేహా', అంటే చెవే. వంకర తిరిగినది 'క్వెర్నో', అంటే కొమ్ము. పందిపిల్ల ఆకారంలో బెల్లపు రొట్టె కూడా ఉంది, బాబుకి అదే నచ్చుతుంది. చిట్టితల్లి అడిగిన దాని పేరు 'కోంచా'. స్పానిష్‌లో గుల్ల, చిప్ప అని అర్థం. మన శంఖం, వాళ్ల కోంచా పుట్టుకలో చుట్టాలేనని భాషలు చదివినవాళ్లు చెబుతారు.

ఇక ఆ చిప్ప సంగతి. నా చిన్నప్పుడు మా నాన్న ఏడాదికోసారి, సంక్రాంతికి, నాకు చొక్కా కుట్టించేవారు. "ఎదిగే పిల్లాడు, లోపల కాస్త గుడ్డ వదిలి కుట్టు" అని దర్జీకి చెప్పేవారు. రెండుసార్లు కుట్లు విప్పి వదులు చేసినా, మళ్లీ సంక్రాంతి వచ్చేసరికి భుజాల దగ్గర పిగిలేది. కోంచా కూడా అలాంటి పిల్లాడే. మైదా, గుడ్లు, వెన్న, ఈస్ట్ కలిపిన పిండి లోపల ఎదుగుతూ ఉంటుంది. ఈస్ట్ అంటే కంటికి కనపడని ప్రాణులు. పిండిలోని తీపి తిని గాలి వదులుతాయి. పైన తొడిగిన చొక్కా మాత్రం పంచదార, మైదా, వెన్న కలిపిన ముద్ద. దాంట్లో ఈస్ట్ లేదు, అది ఎదగదు, సాగదు. పిల్లాడు పొంగుతాడు, చొక్కా పిగులుతుంది. ఎక్కడపడితే అక్కడ పిగిలితే అందం పోతుందని ముందే అచ్చుతో గీతలు వేస్తారు. పొయ్యిలో ఆ గీతల వెంటే విచ్చుకుంటుంది. గులాబీ చొక్కా, పసుపు చొక్కా, కోకో చొక్కా, అన్నీ ఉన్నాయి. ఇక్కడి పిల్లలు గులాబీ దానికే ఎగబడుతున్నారు.

పిండి పొంగడానికి గంటలు పడుతుంది. మనం ఏడింటికి వేడిగా తినాలంటే ఎవరో ఒకరు చీకటితోనే లేవాలి. అందుకని పళ్లెంలో సగం తిని వదిలేయకండి, ఎక్కడైనా సరే.

దాంతోపాటు 'కఫే దె ఓయా' తాగాను. కుండలో కాచే కాఫీ అన్నమాట. దాల్చినచెక్క, 'పిలోన్‌సియో' అనే బెల్లం వేస్తారు. మొదటి గుక్కకే మా అమ్మ గుర్తొచ్చింది. రేషన్ పంచదార అయిపోతే మా ఇంట్లో బెల్లం కాఫీయే. ఇత్తడి గ్లాసు కాలుతుంటే పంచె కొంగుతో పట్టుకుని నాన్న తాగేవారు, అడుగున రెండు గుక్కలు నాకు ఉంచేవారు. అదే రుచి, ఇంత దూరంలో! చెరుకు స్పెయిన్ ఓడల్లో మెక్సికో చేరింది. ఆ నేల మీద పుట్టిన మిరప పోర్చుగీసు ఓడల్లో మన దగ్గరికి వచ్చింది. గుంటూరు మిరపకు పుట్టిల్లు అదే. కాఫీ చల్లారిపోయేదాకా దీని గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను.

మీకో పని. ఈ రాత్రి నానమ్మ ఇడ్లీ పిండి కలిపాక, కాస్త గాజుగ్లాసులో పోయించుకోండి. సగానికి మించి వద్దు. పిండి ఎంతవరకు ఉందో అక్కడ గ్లాసుకి రబ్బరు బ్యాండు వేసి పడుకోండి. అక్కడా పనిచేసేది కంటికి కనపడని ప్రాణులే. పొద్దున్నే లేచి, బ్యాండు మీద ఎన్ని వేళ్ల ఎత్తు పొంగిందో కొలిచి నాకు రాయండి.

మీ తాతయ్య