గోదావరి టూర్లలో వినపడని గొడవలు

గోదావరి పుష్కరాలు 2027లో వస్తున్నాయి. రాజమహేంద్రవరం అప్పుడే ముస్తాబవుతోంది. 1997లో రైళ్లు ఆగిపోయిన పాత హేవలాక్ వంతెనను జనం నడిచి చూసే చోటుగా మార్చే పనికి 2025 జూన్‌లో శంకుస్థాపన కూడా అయింది. వచ్చినవాళ్లకు చూపించడానికి డెల్టాలో దేనికీ కొదవ లేదు. పాపికొండల లాంచీ, పంచారామాల బస్సు, ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం, దిండిలో హౌస్‌బోటు, తిరిగి వెళ్లేటప్పుడు ఆత్రేయపురం పూతరేకులు. ఇవన్నీ చూసి ఇల్లు చేరినవాళ్లకు ఇక్కడి ఊళ్లు ఎవరితో, దేనికోసం పోట్లాడాయో మాత్రం ఒక్క ముక్కా తెలియదు. లాఠీలు విరిగిన వీధుల మీదుగానే, తుపాకులు పేలిన గుడి ముందునుంచే వాళ్ల బస్సు వెళ్తుంది. ఆగదు.

రాజకీయ గొడవల చరిత్రను ఊళ్లో తిప్పి చూపించడం మిగతా ప్రపంచానికి కొత్త కాదు. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ దీనికి బాగా పేరుపడింది. 1970ల మొదట్లో అల్లర్లకు బస్సులు ఆగిపోతే నల్ల టాక్సీలు షేర్ ఆటోల్లా జనాన్ని చేరవేశాయి. తర్వాత శాంతి కుదురుతున్న రోజుల్లో అవే టాక్సీలు గోడల మీది బొమ్మలు చూపించడానికి సందర్శకులను తిప్పడం మొదలుపెట్టాయి. నడిచి చూసే టూర్లు కూడా ఉన్నాయి. ఒకప్పుడు జైలుకు వెళ్లి వచ్చినవాళ్లే వాటిలో కొన్నిటికి గైడ్లు. ఐర్లండ్‌తో కలవాలనే కాథలిక్కులుండే ఫాల్స్ రోడ్డు కథ ఆ పక్షం మనిషి చెప్తాడు. రెండు పేటలనూ విడదీసే గోడ దగ్గరికి రాగానే సందర్శకులను అవతలి పక్షం గైడుకు అప్పగిస్తాడు. బ్రిటన్‌తోనే ఉండాలనే ప్రొటెస్టెంట్లుండే షాంకిల్ రోడ్డు కథ ఆయన చెప్తాడు. ఒకరి మాట ఒకరు ఒప్పుకోరు. విన్నవాళ్లు రెండూ మోసుకుని వెళ్తారు. ఈ అప్పగింత పద్ధతి మనకు పనికొస్తుందని నా నమ్మకం. ఎందుకో అమలాపురం దగ్గర చెప్తాను.

డెల్టాలో గొడవలన్నీ వందేమాతరం ఉద్యమంతో 1907లో మొదలయ్యాయని అనుకోనక్కర్లేదు. 1758 డిసెంబరులో గొల్లప్రోలు దగ్గరి చందుర్తిలో ఇంగ్లీషు సేనలు, విజయనగరం రాజు ఆనంద గజపతి సైన్యంతో కలిసి ఫ్రెంచివాళ్లను ఓడించాయి. కోస్తాలో ఎవరి మాట చెల్లుతుందో చాలావరకు తేల్చిన యుద్ధం అది. అయితే ఈ ఊళ్లకు ఇప్పుడున్న రాజకీయ స్వభావం తెచ్చింది యుద్ధం కాదు, ధవళేశ్వరం ఆనకట్ట. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ కట్టడం వల్ల కాలవలు వచ్చాయి, వరి వచ్చింది, చేతిలో డబ్బు ఆడింది. ఆ డబ్బుతో పిల్లలు రాజమండ్రి, కాకినాడల్లో కాలేజీల మెట్లెక్కారు, పత్రికలు చదివారు, తెల్లదొరను ప్రశ్నించారు. ఆ కాలవ నీళ్లే పారిన చేలలో నాట్లు వేసిన, కోతలు కోసిన దళితులకు అందులో భూమి దక్కింది తక్కువ. డెల్టాలో పరాయి పాలన మీద తిరుగుబాటూ, ఊళ్లోని అంతరాల మీద తిరుగుబాటూ అప్పటినుంచీ పక్కపక్కనే నడిచాయి. గైడు ఒకటి చెప్పి రెండోది దాటేస్తే సగం కథే చెప్పినట్టు.

నడక రాజమండ్రిలోనే మొదలుపెట్టాలి. కోటిపల్లి బస్టాండు దగ్గర, రామచంద్రపురం వైపు వెళ్లే బస్సుల కోసం జనం ఎదురుచూసే చోటికి దాపులోనే పాల్ చౌక్ ఉంది. 1907 ఏప్రిల్‌లో బెంగాల్ నుంచి వచ్చిన బిపిన్ చంద్ర పాల్ ఉపన్యాసాల వల్ల వచ్చిన పేరది. ఆయన ఇంగ్లీషులో మాట్లాడుతుంటే చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగులో చెప్పారు. భరతఖండాన్ని పాడియావుగా, తెల్లవాళ్లను దూడల మూతులు బిగగట్టి పాలు పితుక్కునేవాళ్లుగా చూపించిన ఆయన పద్యం ఆ రోజుల్లోనే జనం నోళ్లలో పడింది. ఆ వేడిలో కాలేజీ కుర్రాళ్లు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకు వెళ్లారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ ఊరుకోలేదు. ట్రైనింగ్ కాలేజీ నుంచి గెంటివేతకు గురైనవాళ్లలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకరు. ఆయన మరుసటి ఏడాదే రాతలకు జైలు పాలయ్యారు.

అదే ఊళ్లో అంతకు పాతికేళ్ల ముందే ఇంకో పోరు జరిగింది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం తన ఇంట్లో మొదటి వితంతు వివాహం జరిపించారు. అప్పుడాయన ఎదురుగా నిలబడింది దొరలు కాదు, సొంత ఊరివాళ్లు. వెలివేతలు, బెదిరింపులు అన్నీ ఆయన చవిచూశారు. ఆయన ఇల్లు ఇప్పటికీ ఉంది. చూడ్డానికి వెళ్లినవాళ్లకు మహానుభావుడి ఇల్లుగా చూపిస్తారు. ఆ పెళ్లి నాడు వీధిలో ఎంత ఉద్రిక్తత ఉందో చెప్తేనే ఆ ఇంటికి అర్థం.

1920ల మొదట్లో గరిమెళ్ల సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్లదొరతనము’ అని పాడితే జనం ఊగిపోయారు. ఆ పాటకు ఆయన రాజమండ్రి జైల్లో శిక్ష అనుభవించారు. సరిగ్గా ఆ కాలంలోనే ఈ ఊరికే చెందిన దళిత కవి కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనం’ అని జవాబు రాశారు. తెల్లవాడు పోతే సరిపోదు, పక్కింటి దొరతనం కూడా పోవాలన్నది ఆయన పట్టు. మొదటి పాట పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. రెండోది తెలిసినవాళ్లు రాజమండ్రిలోనే తక్కువ. సెంట్రల్ జైలు గోడ పక్కన నిలబడి ఈ రెండు పాటలూ ఒకదాని వెంట ఒకటి వినిపించే గైడు దొరికితే, నా దృష్టిలో ఆ టూరు టికెట్టు డబ్బులు అక్కడే తీరిపోతాయి. భగత్ సింగ్ సహచరుడు శివవర్మ కూడా ఆ జైల్లో కొంతకాలం ఉన్నారు.

కాకినాడ కథ ఒక చెంపదెబ్బతో మొదలవుతుంది. పాల్ వచ్చి వెళ్లిన నెలా పదిరోజులకు, 1907 మే 31న, కోపల్లె కృష్ణారావు అనే కుర్రాడు వీధిలో వందేమాతరం అన్నాడు. అటు వెళ్తున్న కెంప్ అనే దొర, జిల్లా వైద్యాధికారి, వాణ్ని పట్టుకుని కొట్టాడు. ఆ కబురు ఊరంతా పాకింది. రాత్రికి జనం వెళ్లి యూరోపియన్ల క్లబ్బు మీద పడ్డారు. తర్వాత అరెస్టులు, కేసులు. అప్పటిదాకా సభల్లో చప్పట్లు కొట్టిన జనం చేతుల్లోకి రాళ్లు వచ్చింది ఆ రాత్రే.

పదహారేళ్లకు అదే ఊళ్లో, 1923 డిసెంబరులో, అఖిల భారత కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షులు. హిందుస్తానీ గాయకుడు విష్ణు దిగంబర్ పలుస్కర్ వందేమాతరం పాడబోతే అధ్యక్షుడే అభ్యంతరం చెప్పారు. పలుస్కర్ ఆగకుండా పాడారు. వందేమాతరం పాడాలా వద్దా అన్న ఆ వాదన దేశంలో ఇప్పటికీ తెగలేదు. అది మొదట బయటపడ్డ చోట్లలో కాకినాడ ఒకటని ఇక్కడి పిల్లలకు తెలియాలి కదా. ఆ సభల ప్రదర్శన దగ్గర టికెట్టు లేదని జవాహర్‌లాల్ నెహ్రూనే నిలిపేసిన వాలంటీరు పిల్ల దుర్గాబాయి కథ మాత్రం అందరికీ తెలుసు. ముచ్చటైన కథలు బతికినంత సులువుగా ముళ్లున్న కథలు బతకవు.

కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డులో చొల్లంగి వస్తుంది. అమావాస్య స్నానాలకు పేరున్న ఊరు. కోరంగి మడ అడవులు చూడ్డానికి వెళ్లే కార్లన్నీ అటే పోతాయి. 1930లో బులుసు సాంబమూర్తి ఉప్పు చట్టాన్ని ధిక్కరించింది అక్కడే.

ఇప్పుడు వాడపల్లి. ఆత్రేయపురం మండలంలో గోదావరి ఒడ్డున వెంకటేశ్వరస్వామి గుడి. ఏడు శనివారాలు వచ్చి ఏడేసి ప్రదక్షిణలు చేస్తే కోరిక తీరుతుందని నమ్మకం. శనివారం తెల్లారకుండానే రావులపాలెం నుంచి ఆటోలు బారులు తీరతాయి. చేతిలో కార్డు పట్టుకుని, ప్రదక్షిణ అయినప్పుడల్లా ఒక గడి కొట్టేసుకుంటూ భక్తులు గుడి చుట్టూ తిరుగుతారు. వాళ్లు నడిచే ఆ నేల మీద 1931 మార్చి 30న నలుగురు మనుషులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు.

ఆ రోజు స్వామివారి రథోత్సవం. గాంధీ-ఇర్విన్ ఒడంబడిక కుదిరి నెల కూడా కాలేదు. ఉద్యమం ఆగింది, ఖైదీలు బయటికొస్తున్నారు, ఊళ్లలో పండగ వాతావరణం. జనం రథం మీద గాంధీ పటం, జాతీయ నాయకుల పటాలు పెట్టారు. డీఎస్పీ ముస్తఫా అలీఖాన్ వాటిని తీసేయమన్నాడు. దేవుడి రథం మీద ఏ పటం పెట్టాలో పోలీసులు చెప్పడమేమిటని జనం తిరగబడ్డారు. లాఠీలు లేచాయి, రాళ్లు లేచాయి, చివరికి తుపాకులు పేలాయి. రాజీ కుదిరిన నెలలోనే, తిరునాళ్ల వేళ, గుడి ముందు జరిగిన ఈ కాల్పులు జిల్లాను కుదిపేశాయి. ఆ అధికారి పేరు చెప్తే మండిపడే కుర్రాళ్లు తయారయ్యారు. వాళ్లలో ప్రతివాది భయంకరాచారి ఒకరు. 1933 ఏప్రిల్‌లో కాకినాడ రేవు దగ్గర బాంబు పేలింది. గురి ముస్తఫా అలీఖాన్ మీద, అతనికేమీ కాలేదు. భయంకరాచారి అండమాన్ జైలుకు వెళ్లారు. వాడపల్లి నుంచి కాకినాడ రేవుకూ, అక్కడినుంచి అండమాన్ జైలు గదికీ నేరుగా ఒక దారి ఉంది. ఆ దారి చూపించకుండా పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులార్ జైలు చూసి కంటతడి పెట్టుకునే తెలుగువాళ్లు ఎందరో. ప్రదక్షిణలు అయ్యాక పావుగంట ఆగి ఈ కథ వినమంటే భక్తులు వద్దంటారని నేననుకోను. ఆ నలుగురూ స్వామి ఉత్సవానికి వచ్చినవాళ్లే.

భీమవరం గురించి కూడా ఒక మాట. శాసనోల్లంఘన రోజుల్లో దాన్ని, పన్ను కట్టని రైతుల సత్యాగ్రహానికి పేరుపడ్డ గుజరాత్‌లోని ఊరి పేరుతో, రెండో బర్డోలీ అన్నారు. 1942 ఆగస్టులో అక్కడా కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి.

యానాం కథ వేరు. చుట్టూ తెలుగు నేల, మధ్యలో ఫ్రెంచి జెండా. 1929 శారదా చట్టం బాల్యవివాహాలను అడ్డుకుంటే, ఆ చట్టం చెల్లని యానాంకు పిల్లల్ని తీసుకొచ్చి పెళ్లిళ్లు చేసిన రోజులున్నాయి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడేళ్లకు, 1954 జూన్ 13న, దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విలీనవాదులు యానాంలోకి నడిచి పాలన చేతుల్లోకి తీసుకున్నారు. ఆ ఏడాది నవంబరు 1న అధికారం భారత్ చేతికి వచ్చింది. కాగితం మీద పూర్తి బదిలీకి 1962 ఆగస్టు 16 దాకా పట్టింది. ఇక్కడ కూడా అందరూ ఒక పక్షాన లేరు. ఫ్రెంచి పాలనే నయమన్న కుటుంబాలున్నాయి, ఆ పౌరసత్వం ఉంచుకున్నవాళ్లున్నారు. వాళ్ల ఇళ్లలో జూన్ 13 గురించి చెప్పుకునే కథ, విలీనవాదుల ఇళ్లలో చెప్పుకునే కథ ఒకటి కాదు.

ఇక అమలాపురం. కొత్తగా ఏర్పడిన కోనసీమ జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెడతామని 2022 మేలో ప్రభుత్వం ప్రకటించి అభ్యంతరాలు కోరింది. మే 24న వ్యతిరేకుల ప్రదర్శన అదుపు తప్పింది. ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. పోలీసులకు దెబ్బలు తగిలాయి. కోనసీమలో ఇంటర్నెట్ రోజుల తరబడి ఆపేశారు. జూన్ 24న మంత్రివర్గం అంబేద్కర్ పేరును ఖరారు చేసింది. దీన్ని ఒక్క రోజు అల్లరిగా చూపిస్తే అన్యాయం. 2017లో పాలకోడేరు మండలం గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం పెట్టే దగ్గర తగువు మొదలై దళితుల సాంఘిక బహిష్కరణ దాకా వెళ్లింది. ఇంకా వెనక్కి వెళ్తే కుసుమ ధర్మన్న పాట ఉంది, ఆయన కన్నా ముందు కాలవ నీటి లెక్క ఉంది. గాంధీ పటం రథం మీద పెట్టొద్దన్న రోజుకూ, అంబేద్కర్ పేరు బోర్డు మీద పెట్టొద్దన్న రోజుకూ మధ్య తొంభై ఏళ్లు. మొదటిదాంట్లో అడ్డుపడింది పరాయి సర్కారు. రెండోదాంట్లో అడ్డుపడింది మనవాళ్లే. అందుకే ఇది చెప్పడం కష్టం.

బెల్‌ఫాస్ట్ అప్పగింత ఇక్కడే పనికొస్తుంది. గడియార స్తంభం దాకా ఒక గైడు, అక్కడినుంచి ఇంకొకరు. ఆ పేరు ఎందుకు కావాలో దళితవాడలో పుట్టినవాళ్లు చెప్పాలి. ఆ రోజు ఊరేగింపులో నడిచి, తర్వాత కేసుల చుట్టూ తిరిగినవాళ్లు తమ మాట తాము చెప్పుకోవాలి. తగలబెట్టడాన్ని సమర్థించడం వేరు, ఎందుకలా జరిగిందో వినడం వేరు. ఈ రెంటికీ మధ్య గీత గీయడమే గైడు నేర్చుకోవాల్సిన విద్య. గాయం పచ్చిగా ఉంది కదా, ఇప్పుడే ఎందుకని అడిగేవాళ్లుంటారు. వాడపల్లిలో తొంభై ఏళ్లు ఆగాం. కళ్లారా చూసినవాళ్లు అక్కడ ఇక మిగల్లేదు.

యానాంలో 1954 నాటికి పదేళ్లున్న పిల్లలకు ఇప్పుడు ఎనభై దాటాయి. పుష్కరాలకు గైడ్లను తయారుచేసే పని మొదలైతే, యూనిఫారాలు కుట్టించేకంటే ముందు టేపు రికార్డరు పట్టుకుని వాళ్ల అరుగుల మీద కూర్చోవాలి. విలీనం కోరినవాళ్ల ఇళ్లలోనూ, వద్దన్నవాళ్ల ఇళ్లలోనూ.