నూనెలో ఉండి ఎండిపోయిన బేరింగు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో చిన్నోడు అడిగాడు: "తాతయ్యా, ఇంజిన్‌లో ఒక ముక్క మాటిమాటికీ పాడవుతుంటే, దాన్ని ఇంకాస్త లావుగా చేస్తే సరిపోదా?" అప్పటికేదో చెప్పి పెట్టేశాను గానీ, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

మీ వయసులో నాకో సైకిలుండేది. నాన్నది, బాగా పాతది. దాన్ని మెరిపించాలని ఒకరోజు వెనక చక్రం నడుమ ఉండే హబ్‌లోకి పోయేలా కిరోసిన్ పోసి పోసి కడిగాను. నల్లటి మడ్డి కారిపోతుంటే ఎంత సంబరపడ్డానో! చక్రం ముందుకంటే తేలిగ్గా తిరిగింది కూడా. కొన్నాళ్లకి కిర్రుమనడం మొదలైంది, తర్వాత గరగర. నాన్న విప్పి చూపించారు. లోపల ఇరుసు చుట్టూ దొర్లే, అద్దంలా ఉండాల్సిన ఉక్కు బాల్స్ మీద సూదితో పొడిచినట్టు గుంటలు! మురికి అనుకుని నేను కడిగేసింది గ్రీజు. నాన్న తిట్టలేదు. కొత్త బాల్స్ తెచ్చి, నా వేలితోనే గ్రీజు పెట్టించారు. ఆ వాసన నాకు ఇప్పటికీ ఇష్టం.

ఇంచుమించు ఇదే ఒక గొప్ప కారు ఇంజిన్‌లోనూ జరిగింది. జర్మనీలో పోర్షే వాళ్లు 1996లో బాక్స్‌స్టర్ కారు తెచ్చారు. మరుసటి ఏడు తమ 911 అనే కారుకీ అదే కుటుంబపు ఇంజిన్ పెట్టారు, నీటితో చల్లబడేది. అందులో క్రాంక్‌షాఫ్ట్ అనే ప్రధాన ఇరుసు కింద ఇంకో ఇరుసుంది, ఇంటర్మీడియట్ షాఫ్ట్ అంటారు. సైకిల్లో తొక్కేది ఒకచోట, తిరిగేది ఇంకోచోట, మధ్యలో చైను ఉంటుంది కదా, అలాగే క్రాంక్‌షాఫ్ట్ దీన్ని తిప్పితే, ఇది చైన్లతో, ఇంజిన్ తలుపుల్లాంటి వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్టులను తిప్పుతుంది. దాని ఒక కొసన, నా సైకిలు హబ్‌లోలాగే బాల్స్ మీద తిరిగే బాల్ బేరింగు. లోపల గ్రీజు పెట్టి, మళ్లీ ముట్టుకునే పని లేదని సీలు వేసేశారు.

ఆ బేరింగు ఉన్నదేమో ఇంజిన్ ఆయిల్ మధ్య. రానురాను సీలు సడలి, ఆయిల్ లోపలికి జొరబడి, నా కిరోసిన్ లాగే గ్రీజును కడిగేసింది. పోనీ ఆ ఆయిలైనా ఆదుకుందా అంటే, సీలు అడ్డం. కొత్తది ధారాళంగా లోపలికి రాదు, పాతది బయటికి పోదు. చుట్టూ అంత నూనె ఉండి బాల్స్ ఎండిపోయాయి. బేరింగు విరిగితే చైన్ల లెక్క తప్పుతుంది, తెరిచి ఉన్న వాల్వును, ఇంజిన్‌లో ముందుకీ వెనక్కీ ఆడే పిస్టన్ వచ్చి గుద్దుతుంది. ఇంజినే పోతుంది. అన్ని కార్లకీ కాలేదులే, కొన్నిటికే.

మొదట్లో ఆ బేరింగుకి రెండు వరసల బాల్స్ ఉండేవి. 2000 ప్రాంతంలో ఒక్క వరస చేస్తే పాడవడం ఎక్కువైంది. 2005 ప్రాంతంలో, చిన్నోడా, నువ్వన్నట్టే లావు చేశారు! చాలా మేలైంది, నిజమే. కానీ ఇంజిన్‌ని రెండుగా విప్పితే తప్ప ఆ లావు బేరింగు బయటికి రాదు. గ్రీజు సంగతి అలాగే ఉండిపోయింది. కొందరు మెకానిక్కులు మాత్రం ఆ సీలునే పీకేసి, ఆయిల్‌ని బాల్స్‌కి తగలనిచ్చారు. ఆ ఆలోచన నాకెంతో నచ్చింది. ఎక్కడ నొప్పో చూడకుండా బలం పెంచుకుంటూ పోవడం మనందరికీ అలవాటే. అర్థంకాని లెక్కని పదిసార్లు గట్టిగా చదివితే వచ్చేస్తుందా, చెప్పండి!

ఇంకో విచిత్రం. అదే రోజుల్లో అదే కంపెనీ 911 టర్బో, జీటీ3 అనే కార్లకి వేరే ఇంజిన్ వాడింది. అందులో ఈ ఇరుసుకి బాల్సే లేవు. పంపు తోసిన ఆయిల్ పొర మీద తేలుతూ తిరిగేది. వాటికి ఈ బాధ లేదు. మందు ఇంట్లోనే ఉందన్నమాట.

చివరికి 2009 మోడల్‌కి చేసిన కొత్త ఇంజిన్‌లో ఆ ఇరుసునే తీసేశారు. చైన్లు క్రాంక్‌షాఫ్ట్ నుంచి తిన్నగా క్యామ్‌షాఫ్టులకు వెళ్లిపోయాయి. ఆ ఇంజిన్ బొమ్మ చూసినప్పుడల్లా, ఇరుసు లేని ఆ చోటు దగ్గరే నా కళ్లు ఆగిపోతాయి.

ఇప్పుడు లేచి మీ సైకిలు తలకిందులుగా నిలబెట్టండి. ముందు చక్రం మెల్లగా తిప్పి, ఇరుసు పక్కన ఫోర్కు మీద రెండు వేళ్లు ఆనించండి. నున్నగా జారుతోందా, సన్నగా గరగర తగులుతోందా? నాకు రాయండి.

మీ తాతయ్య