తొర్ర ఉంటేనే గ్రేటర్ గ్లైడర్

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

కంగారూ కాకుండా పొట్ట మీద సంచి ఉన్న జంతువులు ఇంకేమున్నాయని మీరు అడిగారు. ఆస్ట్రేలియాలో అలాంటివి చాలా ఉన్నాయి గానీ, వాటిలో నాకు ఎంతో ఇష్టమైన గ్రేటర్ గ్లైడర్ గురించే ఈ ఉత్తరంలో రాస్తున్నాను.

ఆ దేశపు తూర్పు వైపున, క్వీన్స్‌లాండ్ నుంచి విక్టోరియా దాకా ఉన్న యూకలిప్టస్ అడవులు దీని నివాసం. మన ఖమ్మం, ప్రకాశం జిల్లాల్లో కాగితం మిల్లుల కోసం పెంచే జామాయిల్ కూడా యూకలిప్టస్సే. అక్కడి నుంచి వచ్చినదే. ఒళ్ళంతా దట్టమైన మెత్తటి బొచ్చు, గుండ్రటి పెద్ద చెవులు, శరీరం కన్నా పొడవైన తోక ఉన్న ఈ జంతువు బాగా పెరిగినా రెండు కిలోలు తూగదు.

పగలంతా చెట్టు తొర్రలో నిద్రపోయి, చీకటి పడ్డాక బయటికి వస్తుంది. దాని మోచేతి నుంచి చీలమండ దాకా రెండు పక్కలా చర్మపు పొర ఉంటుంది. కొమ్మ మీద నుంచి దూకగానే మోచేతులు పక్కలకు చాచి, ముందరి పాదాలను గడ్డం కిందికి ముడుచుకోవడంతో, కింద నిలబడి చూసేవారికి అది త్రికోణంలా కనిపిస్తుంది. తోకతో దారి సరిచేసుకుంటూ ఒక్క దూకులో 100 మీటర్ల దాకా సాగగలదు. అయితే ఇది పక్షిలా ఎగరడం కాదు. ఎత్తు నుంచి పల్లానికి గాలిలో జారడమే. అందుకే అవతలి చెట్టు మానును పట్టుకున్నాక మళ్ళీ పైకి పాకాల్సి ఉంటుంది. నేల మీద నడక దానికి సరిగా రాదు కనుక కిందికి దిగడం చాలా అరుదు.

ఆహారం దాదాపు పూర్తిగా యూకలిప్టస్ ఆకులే, అందులోనూ లేతవంటే దానికి ఇష్టం. ఆ ఆకుల్లో పీచు ఎక్కువ, పోషణ తక్కువ, పైగా ఇతర జంతువులకు హాని చేసే నూనెలు ఉంటాయి. వాటిని అరిగించేది దాని పేగులో నివసించే సూక్ష్మజీవులు. అలాంటి తిండితో వచ్చే శక్తి కొద్దిపాటిదే కాబట్టి అది రాత్రిపూట కూడా చాలాసేపు కదలకుండా కూర్చుంటుంది.

తల్లి ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది. ఆ పిల్ల సుమారు నాలుగు నెలలు సంచిలో పెరిగి, తర్వాత కొంతకాలం తల్లి వీపు మీద తిరుగుతూ, తల్లి మేతకు వెళ్ళినప్పుడు తొర్రలోనే ఉండిపోతుంది.

ఆ తొర్రే అసలు సంగతి, పిల్లలూ. యూకలిప్టస్ చెట్టులో ఈ జంతువు పట్టేంత తొర్ర ఏర్పడడానికి వందేళ్ళకు పైగా పడుతుంది. ఒక్కటి ఉన్నా చాలదు. ఒక్కో గ్లైడర్ తన పరిధిలోని అనేక తొర్రలను మార్చి మార్చి వాడుకుంటుంది. కొన్నేళ్ళకే నరికేసే మన జామాయిల్ తోటల్లో ఎంత ఆకు ఉన్నా ఇలాంటి జంతువుకు చోటు దొరకదు. అక్కడి అడవుల్లోనూ ముసలి చెట్లను కొట్టేయడం, 2019-20 కార్చిచ్చులు, పెరుగుతున్న వేడి కలిసి దాన్ని బాగా దెబ్బతీశాయి; 2022లో ఆస్ట్రేలియా ప్రభుత్వం దక్షిణ, మధ్య ప్రాంతాల గ్రేటర్ గ్లైడర్‌ను అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చింది. మంటల్లో తొర్రలు కాలిపోయిన చోట్ల శాస్త్రజ్ఞులు ఎండ వేడి లోపలికి చేరని గూటిపెట్టెలను చెట్లకు బిగించగా, కొన్నింటిలో గ్లైడర్లు వచ్చి చేరాయి. నాకెంతో సంతోషం కలిగించిన వార్త అది.

ఇట్లు,
మీ తాతయ్య