బండి చూసే ఆయనకు ఇరవై ఇవ్వండి, తాళం మాత్రం ఇవ్వకండి

వారానికి ఒకసారైనా నాకు ఈ ఫోన్ వస్తుంది. "అన్నా, తిరుచానూరులో కారు పెట్టినాం. రోడ్డుమీద బండ్లు చూసే ఆయనకు యాభై ఇచ్చినాం. దర్శనం చేసుకొని వచ్చేసరికి అద్దం పగలగొట్టి బ్యాగు ఎత్తుకుపోయినారు. డబ్బు తీసుకున్నాడు కదా, ఆయనే కట్టాల కదా?" అవతల ఆడమనిషి ఏడుస్తుంటుంది, వెనకాల పిల్లలు. అప్పుడు పాఠం చెప్పలేను. అందుకే ఇక్కడ రాస్తున్నా. తిరుపతిలో పద్దెనిమిదేళ్లుగా వాహన బీమా ఏజెంటుగా ఉన్నా. పాలసీ కట్టించేది ఒక పూట పని, క్లెయిమ్ వెంట తిరిగేదే నెలల పని.

అపోహ: డబ్బులిచ్చాం కాబట్టి బండి బాధ్యత ఆయనదే.

కాదు. మీరు బండికి తాళం వేసి, తాళం జేబులో పెట్టుకొని గుడిలోకి పోయినంతసేపూ ఆ బండి మీ స్వాధీనంలోనే ఉన్నట్టు. ఆయన దానిమీద ఒక కన్నేసి ఉంచుతాడు, అంతే. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 148వ సెక్షన్ ఉంది. ఒక వస్తువును ఇంకొకరి చేతికి అప్పగిస్తేనే, తిరిగి ఇచ్చేదాకా దాన్ని కాపాడే బాధ్యత వాళ్ల మీద పడుతుంది. మీరు ఇరవై ఇచ్చింది ఎండలో నిలబడినందుకు. దాంతో ఆయన మీ బండికి పూచీదారు అయిపోడు.

అట్లయితే తాళం ఇచ్చేస్తే అప్పగించినట్టే కదా, అప్పుడు బాధ్యత ఆయనదే కదా అని కొందరు తెలివిగా అడుగుతారు. జనాన్ని నిలువునా ముంచేది ఈ ఆలోచనే.

కొన్నేళ్ల కిందట కార్తీక బ్రహ్మోత్సవాలప్పుడు నా దగ్గర పాలసీ ఉన్న ఒక కుటుంబం మదనపల్లె వైపు నుంచి వచ్చింది. సందు ఇరుకు, బండ్లు ఒకదాని వెనక ఒకటి. చూసే పెద్దాయన "అడ్డమైతే నేను జరుపుకుంటా సామీ, తాళం ఇచ్చిపోండి" అన్నాడు. ఇచ్చారు. ఆయన ఆ తాళాలన్నీ ఒక ఇనుప తీగకు గుచ్చి మెడలో వేసుకున్నాడు. మధ్యాహ్నం ఎవడో కుర్రాడొచ్చి "మా మామ పంపినాడు, తెల్లబండి తాళం ఇయ్యి" అంటే తీసి ఇచ్చేశాడు. సాయంత్రం ఆ కుటుంబం వచ్చేసరికి బండి లేదు. స్టేషన్లో ఆ పెద్దాయన నేలమీద కూర్చొని తలకాయ కొట్టుకుంటున్నాడు. నేను వెళ్లేసరికి ఆయన మెడలో ఇంకా నాలుగు తాళాలు వేలాడుతున్నాయి. ఆయన దొంగ కాదు. కానీ ఆయన దగ్గర్నుంచి కారు ఖరీదు ఎవరు వసూలు చేయగలరు? చెప్పులు కూడా లేవు ఆయనకు.

ఇక బీమా సంగతి. బండి పోయిందని క్లెయిమ్ పెడితే కంపెనీ అడిగే వాటిలో ముందుండేది రెండు తాళాలు. ఒక్కటే ఇస్తే రెండోది ఏదని అడుగుతారు. రోడ్డుమీద మనిషికి ఇచ్చామంటే, బండిని జాగ్రత్తగా చూసుకోవాలన్న పాలసీ షరతు మీరు తప్పారని ఉత్తరం వస్తుంది. ఈ కుటుంబానికి అదే ఉత్తరం వచ్చింది. ఎనిమిది నెలలు తిరిగాం. చివరకు కొంత కోసి మిగతాది ఇచ్చారు. ఆ కోత డబ్బుతో వాళ్లు ఆ ఏడు కూతురి కాలేజీ ఫీజు కట్టాలనుకున్నారు.

2019లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది కదా అని కుర్ర లాయర్లు నాకు చూపిస్తుంటారు. నిజమే. ఢిల్లీలో ఒక పెద్ద హోటల్లో అతిథి తాళం ఇచ్చి లోపలికి పోతే కారు పోయింది. 'ఓనరు రిస్కు' అని చీటీ వెనక అచ్చు వేసుకున్నంత మాత్రాన హోటలు తన నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేదని కోర్టు చెప్పింది. కానీ అక్కడ హోటలుంది, చీటీ ఉంది, కేసు వేస్తే కట్టగలిగిన యజమాని ఉన్నాడు. వీధిలో తువ్వాలు భుజాన వేసుకొని నిలబడే మనిషి దగ్గర వీటిలో ఏవీ ఉండవు. ఆ తీర్పును నమ్ముకొని ఇక్కడ తాళం ఇవ్వకండి.

బండి పోతే ముందు పోలీసులకు ఫిర్యాదు, అదే రోజు. ఎఫ్ఐఆర్ వెంటనే పెట్టి ఉంటే, కంపెనీకి చెప్పడంలో ఆలస్యమైందన్న ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా కంపెనీకి కూడా అదే రోజు ఫోన్ చేయండి, ఎందుకు తలనొప్పి. థర్డ్ పార్టీ పాలసీ, అంటే మీ బండి వల్ల అవతలివాళ్లకు జరిగే నష్టానికి కట్టేది, అదొక్కటే ఉన్నవాళ్లకు దొంగతనానికి పైసా రాదని కూడా చెబుతున్నా.

అపోహ: కారులో సామాను పోయినా బీమా ఇస్తుంది.

అద్దానికి ఇస్తుంది. లోపలున్న బ్యాగుకు, ఫోన్లకు, నగలకు మామూలు వాహన పాలసీ ఇవ్వదు. కొండకు వచ్చేవాళ్లు గుడిలోకి ఫోన్ రానివ్వరని ఇంట్లో అందరి ఫోన్లూ ఒక కవరులో కట్టి సీటు కింద పెట్టి పోతారు. ఆ సంగతి మీకొక్కరికే తెలుసనుకుంటున్నారా? తిరుమలలో ఫోన్లు పెట్టుకోవడానికి టీటీడీ కౌంటర్లున్నాయి, ఉచితం. అలిపిరి మెట్ల దగ్గర ఇచ్చిన సామాను వాళ్లే పైకి చేరుస్తారు. దయచేసి వాడుకోండి.

అపోహ: డబ్బులు ఇవ్వకపోతే బండి మీద గీతలు పెడతారు.

ఈ పుకారు వింటే నాకు కోపమొస్తుంది. గీత కనపడగానే పాపం ఆ చూసే మనిషి మీదికి పోతారు. బండి నష్టం లెక్కకట్టే బీమా సర్వేయరు ఒకాయన నాకు నేర్పించాడు, మీరూ చూసుకోండి. తాళంతో గీస్తే సన్నగా, లోతుగా, ఒక డోరు మీద మొదలై రెండో డోరు మీదికి ఏకంగా సాగుతుంది. బైకు హ్యాండిల్ రాసుకుంటే జానెడు పొడుగు, వెడల్పుగా, పక్కనే నల్లటి రబ్బరు మరక ఉంటుంది, తడిగుడ్డతో తుడిస్తే సగం పోతుంది. నేను చూసిన గీతల్లో చాలావరకు రెండో రకమే. చిన్న గీతకు క్లెయిమ్ కూడా పెట్టకండి. నో క్లెయిమ్ బోనస్ పోతుంది, అంటే ప్రీమియంలో సొంత బండి నష్టానికి కట్టే భాగం మీద వచ్చే తగ్గింపు. అయిదేళ్లు క్లెయిమ్ లేకపోతే అది 50 శాతం.

రసీదు గురించి ఒక్క మాట. బోర్డు, రసీదు, రేటు ఉంటే అది రుసుము, కట్టండి. అవి లేకపోతే మీ ఇష్టం, ఎవరూ బలవంతం చేయకూడదు. బెదిరిస్తే 112కు ఫోన్ చేయండి. నో పార్కింగులో "ఏం కాదు సామీ, పెట్టండి" అన్నాడని పెడితే చలానా మీ పేరుతోనే వస్తుంది. ఆయనకు ఇచ్చేది లంచమేమో అని ఒకాయన సందేహం, ఆయన ప్రభుత్వ ఉద్యోగి కాదు కదా, లంచమెట్లా అవుతుంది.

మరి ఇవ్వాలా వద్దా? నేనైతే ఇస్తా. గోవిందరాజస్వామి గుడి దగ్గర ఒక తాత ఉన్నాడు. ఒకసారి లైట్లు ఆర్పకుండా పోయాను. ఆయన నా బండి మీద అట్టముక్క అడ్డం పెట్టి, ఎండలో వీధి చివరిదాకా నా వెంట పరుగెత్తుకొచ్చి "లైట్లు ఎలగతా ఉండాయి నాయనా" అన్నాడు. బ్యాటరీ దిగిపోయుంటే ఆ రోజు నా తిప్పలు వేరే. మధ్యాహ్నం ఆకలితో నిలబడే మనిషికి ఇరవై రూపాయలు పెద్ద మాట కాదు. పోయేటప్పుడు ఇస్తా, చేతిలో పెట్టి ఇస్తా.

మొన్న ఒక చెల్లెమ్మ తిరుచానూరు నుంచి ఫోన్ చేసింది. "అన్నా, బండి అడ్డమవుతుంది, తాళం ఇమ్మంటున్నాడు, మా ఆయన ఇచ్చేద్దామంటున్నాడు." నేల చదునుగా ఉందా అని అడిగాను. ఉందంది. మామూలు గేరు బండేనా? అవునంది. "న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేయకుండా, డోర్లు లాక్ చేసి పొమ్మా. అడ్డమైతే ఆయనే చేత్తో నెడతాడు. ముందు చక్రం కింద రాయి పెట్టమను." కపిలతీర్థం వాలులాంటి చోటయితే ఆ మాట చెప్పేవాణ్ణి కాదు. రెండు గంటల తర్వాత మళ్లీ ఫోన్. బండి నాలుగడుగులు వెనక్కి జరిగి ఉందట, చక్రం కింద రాయి అట్లే ఉందట, ముప్పై ఇచ్చానని చెప్పింది.