పొగే కదా అనుకోవద్దు: అగ్నిప్రమాదాలపై అపోహలు, వాస్తవాలు

ఎండలు ముదరగానే మా ఫైర్ స్టేషన్‌కు రెండు రకాల ఫోన్లు పెరుగుతాయి. ఎక్కడో మంటలు అంటుకున్నాయని కొన్ని, వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్ నిజమేనా అని మరికొన్ని. ఈ రెండో రకం ఫోన్లు చేసేవాళ్లను నేనెప్పుడూ విసుక్కోను. చిన్నపిల్లలున్న తల్లికైనా, ఒంటరిగా ఉండే పెద్దాయనకైనా ఆ టెన్షన్ సహజం. నా కోపమంతా ఆ మెసేజ్‌లు పుట్టించేవాళ్ల మీదే. పేలని సిలిండర్ గురించి హడలిపోతున్న జనం, నిజంగా ప్రాణాలు తీస్తున్న పొగను మాత్రం పట్టించుకోవడం లేదు.

అపోహ: మంట కిందెక్కడో ఉంది, ఇక్కడున్నది పొగే కదా. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని మెట్ల మీదుగా పరిగెత్తితే బయటపడొచ్చు.

వాస్తవం: ఇళ్లలో, అపార్ట్‌మెంట్లలో చనిపోయినవాళ్లలో చాలామందిని మంట తాకనే లేదు. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లో ఒకే కుటుంబానికి చెందిన 17 మంది పోయారు. అందులో 8 మంది పిల్లలు. ఎక్కువమందికి ఊపిరాడకే ప్రాణం పోయింది. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీయువకులు పోయింది కూడా పొగవల్లే. అంతకు ముందు ఏడాది సెప్టెంబరులో అక్కడికి దగ్గర్లోని ఒక హోటల్‌లో మంట మొదలైంది కింద ఎలక్ట్రిక్ స్కూటర్లున్న చోట. ప్రాణాలు పోయింది పై అంతస్తుల్లో ఉన్నవాళ్లవి.

కింద మంట అంటుకుంటే మెట్లదారి పొగగొట్టంలా పనిచేస్తుంది. సోఫాల్లోని ఫోమ్, వైర్ల మీది ప్లాస్టిక్ కాలితే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సయనైడ్ లాంటి విషవాయువులు వస్తాయి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తడిగుడ్డ మసిని కొంత ఆపుతుందేమో గానీ ఈ వాయువును ఆపదు. మేమే ఊపిరికి సిలిండర్ తగిలించుకోకుండా ఆ పొగలో అడుగుపెట్టం. మరి మీరు పిల్లల్ని చంకనెత్తుకుని నాలుగు అంతస్తులు ఎలా దిగుతారు? రెండు అంతస్తులు దాటేలోపే తల తిరుగుతుంది, దారి కనపడదు, కాళ్లు కూలబడిపోతాయి.

ఒక అపార్ట్‌మెంటులో కింద మీటర్ల బోర్డు అంటుకుంది. మూడో అంతస్తులో ఎదురెదురుగా రెండు కుటుంబాలు. ఒక కుటుంబం తలుపు తీసుకుని మెట్లవైపు పరిగెత్తింది. వాళ్లు మాకు రెండో అంతస్తు మలుపు దగ్గర స్పృహ లేకుండా దొరికారు. ఇద్దరే బతికారు. ఎదురింటావిడ తలుపు వేసుకుని, సందుల్లో తడి దుప్పట్లు కుక్కి, పిల్లలతో బాల్కనీలో నిలబడి చీర ఊపుతూ ఉంది. నిచ్చెన వేసి అందరినీ దించాం. ఒక్కరికీ గాయం కాలేదు. ‘మీవాళ్లు స్కూలుకొచ్చి చెప్పారట సార్, పొగలోకి వెళ్లొద్దని. మావాడే నన్ను ఆపి తలుపు వేయించాడు’ అందామె. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో జరిగిన పేలుడులో అమరులైన మా సిబ్బంది జ్ఞాపకంగా ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు చేస్తాం. స్కూళ్లకు వెళ్లేది ఎక్కువగా అప్పుడే. ఎండలో ఈ ప్రదర్శనలు దేనికని ఎవరైనా అంటే నేను ఆ పిల్లాడి సంగతే చెబుతాను.

కాబట్టి ఏం చేయాలి? మంట మీ ఇంట్లోనే అయితే అందరూ బయటికి రండి, వస్తూ తలుపు లాగేయండి. మెట్లు శుభ్రంగా ఉంటే దిగిపోండి. లిఫ్ట్ వద్దు. మెట్ల నిండా పొగ ఉంటే వెనక్కి తిరిగి, రోడ్డు వైపు కిటికీ గానీ బాల్కనీ గానీ ఉన్న గదిలోకి వెళ్లి తలుపు మూయండి. తడిగుడ్డ వాడాల్సింది ఆ తలుపు కింద. గదిలోకి పొగ వస్తే నేలకు దగ్గరగా ఉండండి, మంచి గాలి అక్కడే మిగులుతుంది. దయచేసి బాత్‌రూమ్‌లో దాక్కోకండి. నీళ్లున్నాయి కదా అని చాలామంది అటే వెళతారు, అక్కడ గాలి ఉండదు, మాకు కనపడరు కూడా. 101కో 112కో ఫోన్ చేసి ఎన్నో అంతస్తు, ఏ వైపు గది అన్నది చెప్పండి. బాల్కనీ గ్రిల్‌కు తాళం వేసుకునేవాళ్లు ఆ తాళంచెవి గ్రిల్ పక్కనే, పెద్దపిల్లలకు అందే ఎత్తులో పెట్టుకోండి. దొంగల భయం నాకూ అర్థమవుతుంది, కానీ చెవి బీరువాలో ఉంటే అర్ధరాత్రి ఎవరికీ దొరకదు.

‘ముందు మనమే ఆర్పి చూద్దాం, కాకపోతే ఫోన్ చేద్దాం’ అనేది ఇంకో ఖరీదైన పొరపాటు. మేమొస్తే డబ్బులు అడుగుతామని ఇప్పటికీ కొందరు అనుకుంటున్నారు. మంట ఆర్పడానికి వస్తే పైసా తీసుకోం. మేమొచ్చేలోపు ఆరిపోయిందా, సంతోషంగా తిరిగి వెళ్లిపోతాం.

ఇక మిగతావి గబగబా చెప్పేస్తాను.

సిలిండర్ మీద ఏ-26, బీ-27 అని ఉండేది గ్యాస్ ఎక్స్‌పైరీ కాదు. ఆ సిలిండర్‌ను మళ్లీ పరీక్షకు పంపాల్సిన గడువు. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్, అలా డీ వరకు. గడువు దాటిన సిలిండర్ ఇస్తే తీసుకోకండి, అంతే. బాంబులా పేలిపోతుందన్న మెసేజ్‌ను డిలీట్ చేయండి.

గ్యాస్ వాసన వస్తే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయాలనుకోవడం తప్పు. ఏ స్విచ్చూ వేయొద్దు, వేసి ఉన్నది ఆపొద్దు, ఆ నిప్పురవ్వ చాలు. వంటగ్యాస్ గాలికంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు తెరిచి బయటికొచ్చి గ్యాస్ లీకేజీ హెల్ప్‌లైన్ 1906కు ఫోన్ చేయండి. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోయకండి, స్టవ్ కట్టేసి మీద పొడి మూత పెట్టండి.

ఎంసీబీ, అంటే లోడ్ ఎక్కువైతే కరెంటు తనంతట తానే ఆపేసే స్విచ్, మాటిమాటికీ ట్రిప్ అవుతోందని పెద్దది పెట్టించుకోవడం కూడా చూస్తుంటాం. అది మీ వైరింగ్ వేడెక్కిపోతోందని చెబుతున్నప్పుడు దాని నోరు నొక్కకండి. లోడ్ తగ్గించండి, లేదా వైరే మార్పించండి. ఎలక్ట్రిక్ స్కూటర్‌ను మెట్ల కింద గానీ గుమ్మం దగ్గర గానీ ఛార్జింగ్ పెట్టకండి. అంటుకుంటే మీ దారి మూసుకుపోతుంది.

ఎండాకాలంలో ట్యాంకు ఫుల్ చేయిస్తే బండి పేలుతుందన్నది పచ్చి పుకారు. కంపెనీ చెప్పిన పరిమితి వరకు నిక్షేపంగా పోయించుకోవచ్చు. కారు బానెట్ నుంచి పొగ వస్తే మాత్రం బానెట్ ఎత్తకండి, గాలి తగిలి భగ్గుమంటుంది. పక్కకు ఆపి, ఇంజన్ కట్టేసి, అందరినీ దింపి దూరంగా వెళ్లండి.

రాత్రి బస్సుల సంగతి వేరు. 2013 అక్టోబరు 30న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర 45 మంది, 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో 19 మంది ప్రయాణికులు బస్సు మంటల్లో పోయారు. ముందు తలుపు ఎలాగూ తెరుచుకుంటుందనే ధీమా వద్దు. ఎక్కగానే ఎమర్జెన్సీ ద్వారం ఎక్కడుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఉందో లేదో చూడండి. లేకపోతే డ్రైవర్‌ను అడగండి, మొహమాటపడకండి. అద్దం మధ్యలో కొడితే తేలిగ్గా పగలదు, మూలకు దగ్గరగా కొట్టండి. బయటపడ్డాక బ్యాగు కోసం, ఫోన్ కోసం మళ్లీ లోపలికి వెళ్లకండి. లోపల మనిషి మిగిలి ఉంటే ఏ సీటో, ఏ వైపో మాకు చెప్పండి.